అమ్మ అండతో అందాల కుంచె

తండ్రి ముఖం ఎలా ఉంటుందో ఆ పిల్లకు తెలీదు. 1875లో జపాన్‌లోని క్యోటోలో ఆమె పుట్టడానికి రెండు నెలల ముందే ఆయన పోయాడు. తల్లి నకకో టీ ఆకు అమ్మే దుకాణం నడుపుతూ ఇద్దరాడపిల్లల్నీ పెంచింది. దుకాణంలో ఓ మూల కూర్చుని చిన్నకూతురు ఎప్పుడూ బొమ్మలు వేస్తుండేది. ఆడపిల్లకు బొమ్మల చదువేంటని బంధువులు అభ్యంతరం చెప్పినా తల్లి వినలేదు. పన్నెండేళ్లకే చిత్రకళా పాఠశాలలో చేర్పించింది. ఆ పిల్లే ఉయెమురా షోయెన్!

పట్టుబట్ట మీద చిత్రించి, గోడకు వేలాడదీసి, అక్కర్లేనప్పుడు చుట్టచుట్టి దాచుకునే సుందరీమణుల బొమ్మలు జపాన్‌లో ఎప్పట్నుంచో ఉన్నాయి. వాటిని వేసిందంతా దాదాపు మగవాళ్లే. 1890లో, పదిహేనేళ్ల వయసులో షోయెన్ వేసిన అలాంటి చిత్రానికి జాతీయ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. దాన్ని విక్టోరియా రాణి కొడుకు కొనుక్కున్నాడు కూడా.

పేరుతోపాటే కష్టాలూ వచ్చాయి. 1902లో పెళ్లికాకుండానే కొడుకును కంది. తండ్రెవరో లోకానికి చెప్పలేదు. అప్పుడూ అమ్మే అండ. ఇల్లు, పసివాడి ఆలనాపాలనా ఆవిడే చూసుకుంటే, షోయెన్ మేడ మీద బొమ్మలు వేసుకునేది. 1904లో ఓ ప్రదర్శనలో ఆమె చిత్రంలోని ముఖం మీద ఎవరో పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీశారు. చెరిపేస్తామన్నా ఒప్పుకోలేదామె. ఆ పాడుపని అందరూ చూడాలని అలాగే ఉంచమంది.

ఆమె ఆడవాళ్లు ఉత్త అందాల బొమ్మలు కారు. 1918లో వేసిన ‘జ్వాలలు’లో అసూయతో రగిలిపోతూ జుట్టును పళ్లతో కొరుకుతున్న స్త్రీ కనిపిస్తుంది. 1936 నాటి ‘జో నో మాయ్’లో నాట్యం చేస్తున్న యువతిది చెక్కుచెదరని నిబ్బరం.

1934లో అమ్మ పోయింది. ఆ ఏడాదే ‘తల్లీబిడ్డ’ చిత్రించింది షోయెన్. తర్వాత సంధ్యవెలుగులో సూదిలో దారం ఎక్కించే ఇల్లాలు, తలుపు కాగితానికి పడ్డ చిరుగుకు అతుకు వేసే గృహిణి ఆమె బొమ్మల్లోకి వచ్చారు. అన్నీ అమ్మ జ్ఞాపకాలే!

1948లో జపాన్ ప్రభుత్వం ‘ఆర్డర్ ఆఫ్ కల్చర్’ ఇచ్చి గౌరవించింది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమే. మరుసటి ఏడాది కన్నుమూసింది. అమ్మమ్మ చేతుల్లో పెరిగిన కొడుకు షోకో కూడా చిత్రకారుడై 1984లో, మనవడు అత్సుషి 2022లో అదే గౌరవం అందుకున్నారు. నాడు ఆ తల్లి బంధువుల మాట విని ఉంటే ఇవేవీ ఉండేవి కావేమో!