కృష్ణమ్మ లెక్కలు వేసిన కంకిపాడు ఇంజనీరు

వేసవిలో కాలవలు కట్టేశారంటే చాలు, మా బెజవాడ ఆడవాళ్ళకి నీళ్ళ లెక్కలు గుర్తొస్తాయి. ఏ బిందె తాగడానికి, ఏ బకెట్ గిన్నెలకి అని. జీవితమంతా ఆ లెక్కలే వేసిన మనిషి డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు. మా ఊళ్ళో కె.ఎల్.రావు నగర్ ఉంది గానీ, ఆ రావు గారెవరని పిల్లలనడిగితే తెల్లమొహం వేస్తారు.

1902లో కంకిపాడులో పుట్టారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటిచూపు పోయింది. తండ్రి లేని పిల్లాడు, పైగా ఒంటికన్ను. చుట్టాలు ఎంత జాలిపడి ఉంటారో మనకి తెలియనిదా! అలాంటి పిల్లాడు మద్రాసులో ఇంజనీరింగు చదివి, రంగూన్‌లో పాఠాలు చెప్పి, 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ పుచ్చుకున్నారు.

1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. అంత పెద్ద ఆనకట్టని కాంక్రీటుతో కాకుండా రాతితో కట్టడం వెనక ఆయన ఆలోచన ఉంది. యంత్రాలు తగ్గితే చేతులకి పని దొరుకుతుంది. వేలమంది కూలీలు, అందులో తట్టలు మోసిన ఆడవాళ్ళు, ఆ గోడ మీద బతికారు.

1962లో విజయవాడ నుంచి లోక్‌సభకి వెళ్ళారు. 1963 నుంచి పదేళ్ళు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. 1972లో పాట్నా దగ్గర్నుంచి కావేరి దాకా 2,640 కిలోమీటర్ల కాలవ తవ్వుదామన్నారు. ఖర్చూ, నీళ్ళు పైకి ఎత్తిపోయడానికి కావలసిన కరెంటూ చూసి దాన్ని పక్కన పెట్టేశారు.

ఈ పథకం దగ్గర నా మనసు రెండువైపులా లాగుతుంది. సముద్రంలో కలిసే నీళ్ళు వృథా అన్నది ఆ తరం నమ్మకం. కరువుల కథలు వింటూ పెరిగిన వాళ్ళు మరి, తప్పెలా పడతాం? కానీ నది మోసుకెళ్ళేది నీళ్ళొక్కటే కాదు, ఒండ్రు కూడా. ఆ ఒండ్రుతోనే మన డెల్టా పుట్టింది. ఎగువ ఆనకట్టల్లో మట్టి ఆగిపోతే ఇక్కడ ఒడ్డు కోసుకుపోతుంది. దిగువకి తీపినీళ్ళు తగ్గితే ఉప్పు లోపలికి పాకుతుంది. దివిసీమ శివారు పొలాలకీ బావులకీ ముందు తగిలేది అదే. నాగాయలంక, కోడూరు వైపు మడ అడవులకి కూడా ఉప్పుతో పాటు తీపినీరు కావాలి. రొయ్యపిల్లలు, చేపపిల్లలు ఆ వేళ్ళ మధ్యే పెరుగుతాయి. టి.ఎం.సి.ల పంపకాల్లో ఆ మడచెట్టుకి వాటా రాసిన వాళ్ళు లేరు.

ఆయన 1986లో పోయారు. సాగర్‌కి దిగువన, బెజవాడకి ఎగువన పులిచింతల దగ్గర కట్టిన 45.77 టి.ఎం.సి.ల జలాశయానికి ఆయన పేరే పెట్టారు. 2013లో ప్రారంభమైంది. పై ఆనకట్టలు నిండేదాకా ఎదురుచూడకుండా జూన్‌లోనే డెల్టా నారుమళ్ళకి నీళ్ళివ్వాలని దాని ఉద్దేశం. అప్పుడు నారు పోస్తే, తుపాన్లు ముంచుకొచ్చే లోపే కోతలు కానిచ్చుకోవచ్చు.