పెన్సిల్‌తో భూమి వేడిని లెక్కగట్టిన మనిషి

ఇంటర్‌లో ఎంపీసీ అయినా బైపీసీ అయినా, కెమిస్ట్రీలో అర్హీనియస్ పేరు కనీసం రెండుసార్లు తగులుతుంది. ఆమ్లాలు, క్షారాల దగ్గర ఒకసారి, రసాయన చర్యల వేగం లెక్కగట్టే సమీకరణం దగ్గర ఇంకోసారి. ఎంసెట్ కోసం ఆ సమీకరణం మీద ఎన్ని బిట్లు చేశామో గుర్తు కూడా లేదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో మొదటిసారి లెక్కేసింది కూడా ఆయనేనని నాకు ఇంజినీరింగ్‌కి వచ్చాకే తెలిసింది. అదీ 1890ల్లో, కంప్యూటర్ అనే వస్తువే లేని రోజుల్లో, చేత్తో. సీఎస్ఈ చదివే నన్ను ఆయన దగ్గర ఆపింది ఆ లెక్కే.

స్వాంటే అర్హీనియస్ 1859 ఫిబ్రవరి 19న స్వీడన్‌లో, ఉప్సలా దగ్గర వీక్ అనే చోట పుట్టాడు. నాన్న సర్వేయరు, ఉప్సలా యూనివర్సిటీలో పని. పిల్లాడికి మూడేళ్ళకే ఎవరూ నేర్పకుండా చదవడం వచ్చేసిందనీ, నాన్న లెక్కల పుస్తకాలు చూస్తూ అంకెలతో ఆడుకునేవాడనీ చెబుతారు.

ఆయన పుట్టిన 1859లోనే లండన్‌లో జాన్ టిండాల్ ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. గాలిలో ఎక్కువగా ఉండేవి నైట్రోజన్, ఆక్సిజన్. అవి వేడి కిరణాల్ని ఆపవు. చాలా కొంచెంగా ఉండే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఆపుతాయి. టిండాల్ దాన్ని కొలిచి చూపించాడు. దానికి మూడేళ్ళ ముందే అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ, కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కుతుందని గమనించింది. అంటే ఈ వాయువుకి వేడిని పట్టి ఉంచే గుణం ఉందని తెలుసు. ఎంత ఉంటే ఎంత వేడి అనేది మాత్రం ఎవరూ లెక్కేయలేదు.

అర్హీనియస్ ఆ లెక్క దగ్గరికి రావడానికి చాలా టైమ్ పట్టింది. ముందు ఆయన డిగ్రీ గొడవ ఉంది. 1884లో ఆయన ఉప్సలాలో డాక్టరేట్ కోసం 150 పేజీల థీసిస్ పెట్టాడు. ఉప్పు ద్రావణాల్లోంచి కరెంటు ఎలా వెళ్తుందన్నది విషయం. ఉప్పు నీళ్ళలో కరగగానే ధనావేశం, రుణావేశం ఉన్న ముక్కలుగా విడిపోతుంది, బయటనుంచి కరెంటు పెట్టక్కర్లేదు అన్న సిద్ధాంతానికి బీజం అందులో ఉంది. ప్రొఫెసర్లకి అది నచ్చలేదు. థీసిస్‌కి చాలా తక్కువ గ్రేడు ఇచ్చారు. ఆ గ్రేడుతో అక్కడ పెద్ద ఉద్యోగం రావడం కష్టం.

ఆయన ఊరుకోలేదు. ఆ థీసిస్ కాపీలు యూరప్‌లో పేరున్న శాస్త్రవేత్తలకి పోస్టులో పంపాడు. రీగాలో ఉన్న ఓస్ట్‌వాల్డ్ అది చదివి, ఈ కుర్రాడిని కలవడానికి తనే ఉప్సలాకి వచ్చి ఉద్యోగం ఇస్తానన్నాడు. ఇంట్లో నాన్నకి ఒంట్లో బాగోలేదు, అందుకని అర్హీనియస్ వెంటనే వెళ్ళలేకపోయాడు. తర్వాత ట్రావెల్ గ్రాంట్ దొరికి, ఓస్ట్‌వాల్డ్, బోల్ట్‌జ్‌మన్, వాంట్ హాఫ్ లాంటి వాళ్ళ దగ్గర పనిచేశాడు. చివరికి 1903లో, ఏ ఆలోచనకి తక్కువ గ్రేడు వచ్చిందో అదే ఆలోచనకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. నోబెల్ తీసుకున్న మొదటి స్వీడన్ మనిషి ఆయనే.

ఇప్పుడు కొంచెం వెనక్కి, 1894కి వెళ్దాం. అప్పటికి ఆయన స్టాక్‌హోమ్‌లో పాఠాలు చెబుతున్నాడు. అక్కడి శాస్త్రవేత్తల మధ్య ఒక చర్చ నడుస్తోంది: ఒకప్పుడు ఉత్తర యూరప్ అంతా మంచు కింద ఎందుకుంది? గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఉంటే అంత చలి వస్తుందా? ఆయన సహోద్యోగి, భూగర్భ శాస్త్రవేత్త ఆర్విడ్ హొగ్‌బొమ్ అప్పటికే ఈ వాయువు ఎక్కడినుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అని లెక్క తీశాడు. అగ్నిపర్వతాలు వదులుతాయి, రాళ్ళు అరిగేటప్పుడు పీల్చుకుంటాయి, సముద్రం కొంత దాచుకుంటుంది. ఫ్యాక్టరీల్లో మండే బొగ్గుని కూడా ఆయన లెక్కలో వేశాడు. అప్పుడు ప్రపంచం మొత్తం ఏడాదికి తవ్వే బొగ్గు సుమారు 50 కోట్ల టన్నులు. దాన్నంతా కాలిస్తే గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌లో వెయ్యోవంతు కొత్తగా చేరుతుంది. ఇప్పుడు ఆ బొగ్గు ఏడాదికి 800 కోట్ల టన్నులు దాటింది.

అర్హీనియస్ 1894 క్రిస్మస్ ముందు రోజు లెక్క మొదలుపెట్టాడని చెబుతారు. డేటా ఆయనది కాదు. అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ చంద్రుడి వేడిని కొలవడానికి, చంద్రుడినుంచి వచ్చే పరారుణ కిరణాల్ని రాత్రుల తరబడి రికార్డు చేశాడు. చంద్రుడు నడినెత్తిన ఉంటే ఆ కిరణాలు తక్కువ గాలిని దాటి వస్తాయి. దిగంతం దగ్గర ఉంటే చాలా ఎక్కువ గాలిని దాటాలి. ఆ రెండింటి తేడా చూస్తే దారిలో గాలి ఎంత వేడిని మింగిందో తెలుస్తుంది. వేరే పని కోసం తీసిన డేటాలో తన జవాబు ఉందని అర్హీనియస్ పట్టుకున్నాడు. నాకైతే ఇదే ఆయన చేసిన అసలైన తెలివైన పని అనిపిస్తుంది.

మిగతాదంతా ఓపిక. ఉత్తరాన 70 డిగ్రీల అక్షాంశం నుంచి దక్షిణాన 60 డిగ్రీల దాకా భూమిని పదేసి డిగ్రీల చొప్పున 13 పట్టీలుగా కోశాడు. ఏడాదిని నాలుగు భాగాలు చేశాడు. కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడున్నదానిలో మూడింట రెండొంతులైతే, ఒకటిన్నర రెట్లైతే, రెండు రెట్లైతే, రెండున్నరైతే, మూడైతే అని అయిదు కేసులు పెట్టుకున్నాడు. మనం అయితే మూడు ఫర్ లూప్‌లు ఒకదాంట్లో ఒకటి పెట్టి, రన్ కొట్టి టీకి వెళ్తాం. పదమూడు, నాలుగు, అయిదు గుణిస్తే 260 జవాబులు. ఒక్కో జవాబు వెనక బోలెడు లెక్కలు. అక్కడితో అయిపోలేదు. గాలి వేడెక్కితే అందులో నీటి ఆవిరి పెరుగుతుంది, ఆ ఆవిరి ఇంకా వేడి పెంచుతుంది. కాబట్టి వచ్చిన జవాబుని మళ్ళీ లోపలికి పంపి ఇంకోసారి లెక్కించాలి. మంచు కరిగితే నేల ముదురు రంగుకి మారి ఎక్కువ ఎండ పీల్చుకోవడం కూడా వదిలిపెట్టలేదు. మేఘాలు, గాలులు, సముద్ర ప్రవాహాలు మారవని మాత్రం అనుకున్నాడు. దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలోనే ఆయన సంసారం కూడా చెడింది. 1894లో పెళ్ళి చేసుకున్న సోఫియా రుడ్‌బెక్ ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నావిడే. 1895లో కొడుకు పుట్టాడు, 1896కి ఇద్దరూ విడిపోయారు.

1896 ఏప్రిల్‌లో పేపర్ అచ్చయింది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి సుమారు 5 నుంచి 6 డిగ్రీలు వేడెక్కుతుంది. మంచుయుగం రావాలంటే అది అప్పటి స్థాయిలో 55 నుంచి 62 శాతానికి పడిపోవాలి. ధ్రువాల వైపు వేడి ఎక్కువ పెరుగుతుంది. వాయువు గుణశ్రేఢిలో పెరిగితే వేడి అంకశ్రేఢిలో పెరుగుతుంది. అంటే మనం చదువుకున్న లాగరిథమే.

ఈ లెక్క ఎవరినీ పెద్దగా కదిలించలేదు. 1900లో స్వీడన్‌కే చెందిన క్నూట్ ఆంగ్‌స్ట్రోమ్, ఉన్న వాయువే ఆపగలిగిన వేడినంతా ఆపేస్తోంది, ఇంకొంచెం చేరితే తేడా ఉండదు అని వాదించాడు. చాలామంది అదే నమ్మారు. పై పొరల్లో పలచగా ఉండే గాలిలో సంగతి వేరని తేలడానికి దశాబ్దాలు పట్టింది.

అర్హీనియస్ కూడా దీన్ని ప్రమాదం అనుకోలేదు. అప్పటి బొగ్గు లెక్క ప్రకారం బాగా పెరగడానికి వేల ఏళ్ళు పడుతుందనుకున్నాడు. 1906లో స్వీడిష్‌లో వచ్చిన పుస్తకంలో దాన్ని కొన్ని శతాబ్దాలకి తగ్గించాడు, కానీ అది మంచిదే అన్నాడు. చలిదేశాలు వెచ్చబడతాయి, పంటలు పెరుగుతాయి, పెరిగే జనాభాకి తిండి దొరుకుతుంది అని. స్టాక్‌హోమ్ చలికాలంలో కూర్చున్న మనిషికి అలా అనిపించడంలో వింత లేదు. అదే లెక్క మే నెలలో రెంటచింతలలో కూర్చుని చేసుంటే ఆ వాక్యం ఎలా రాసేవాడో!

ఆయన్ని దేవుణ్ణి చేయాలని నాకు లేదు. నోబెల్ కమిటీల్లో ఆయన మాట బాగా చెల్లేది. తన సిద్ధాంతాన్ని ఒప్పుకోని మెండలీవ్‌కి నోబెల్ రాకుండా అడ్డుపడ్డాడని చరిత్రకారులు రాశారు. మెండలీవ్ ఆ బహుమతి లేకుండానే 1907లో చనిపోయాడు. చిన్నప్పుడు పెద్ద ప్రొఫెసర్ల చేతిలో తను పడ్డదే, పెద్దయ్యాక ఇంకొకరికి చేశాడన్నమాట. 1909లో స్వీడన్‌లో పెట్టిన జాతి శుద్ధి సంఘంలో కూడా ఉన్నాడు. తర్వాత ఆ ఆలోచనలు ఎక్కడికి దారితీశాయో మనకి తెలుసు. లెక్కలో అంత జాగ్రత్త ఉన్న మనిషికి మనుషుల విషయంలో అది లేకపోయింది.

1905 నుంచి నోబెల్ సంస్థ భౌతిక రసాయన శాస్త్ర విభాగానికి డైరెక్టరుగా ఉండి, 1927 అక్టోబరు 2న స్టాక్‌హోమ్‌లో చనిపోయాడు. ఉప్సలాలో పూడ్చిపెట్టారు.

తర్వాత కథ ఆయన చూడలేదు. 1938లో గై కాలెండర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు పాత ఉష్ణోగ్రతల రికార్డులు పోగేసి, భూమి నిజంగానే వేడెక్కుతోందన్నాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలో మౌనా లోవా కొండ మీద కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల గాలి అణువుల్లో సుమారు 315. పారిశ్రామిక విప్లవానికి ముందు 280. ఇప్పుడు 420 దాటింది. అంటే ఒకటిన్నర రెట్లు. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగలు తీసి చూస్తే మంచుయుగంలో అది 180 దగ్గర ఉందని తేలింది. 280లో అది 64 శాతం. ఆయన చెప్పిన 62 శాతానికి చాలా దగ్గర. రెట్టింపైతే పెరిగే వేడిని ఇప్పుడు సూపర్ కంప్యూటర్లు, పాత వాతావరణ రికార్డులు అన్నీ కలిపి సుమారు 3 డిగ్రీలుగా అంచనా వేస్తున్నారు. ఆయన జవాబు ఎక్కువే, కానీ దిశ తప్పలేదు.

భౌతికశాస్త్రం విషయంలో ఆయన చాలా వరకు కరెక్టే. తప్పింది మన స్పీడ్ విషయంలో. మనం ఇంత బొగ్గు, ఇంత పెట్రోలు, ఇంత తొందరగా కాలుస్తామని ఆయనకి తట్టలేదు. ఆయన టేబుల్లో ఒకటిన్నర రెట్లు అనే కాలమ్ ఎప్పుడో రాబోయే కాలం కోసం రాసింది. పారిశ్రామిక విప్లవం ముందు స్థాయినుంచి లెక్కేస్తే మనం ఇప్పుడు ఆ కాలమ్‌లోనే ఉన్నాం. పక్క కాలమ్ రెండు రెట్లు. మనం ఉద్యోగాల్లో చేరి, రిటైర్ అయ్యేలోపు అక్కడికి వెళ్తామా లేదా అన్నది ఏ ప్రోగ్రామూ తనంతట తాను చెప్పలేదు. ఏడాదికి ఎంత కాలుస్తామో ఇన్‌పుట్ ఇవ్వాల్సింది మనమే.