పిట్టల మనిషి సలీం అలీ గారు, మన రాబందులు



మహానుభావుల గురించి రాయమంటే అందరం గాంధీ గారి గురించి, కుమ్రం భీం గురించి రాస్తం. నేను పిట్టలను చూసిన మనిషి గురించి రాస్తున్న. ఎందుకంటే పోయిన ఎండాకాలం ఊళ్లో మా తాత ఎద్దు చచ్చిపోయింది. ఊరి బయట పడేసినం. వారం రోజులు ఒకటే వాసన. కుక్కలు గుంపుగా వచ్చినయి. అందులో ఒకటి మా తమ్ముణ్ణి కరిచింది. సూదులు వేయించినం, ఇప్పుడు బాగనే ఉన్నడు. తాత చిన్నగున్నప్పుడు ఇట్ల కాకపోవునట. పొద్దున పడేస్తే సాయంత్రానికి బొక్కలే మిగులునట. రాబందులు తినిపోవునట. మరి అవి ఏమైనయి అని లైబ్రరీలో వెతికితే సలీం అలీ గారు దొరికిండ్రు.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పదిమంది పిల్లల్లో చివరివారు. మూడేళ్లకే అమ్మానాన్న ఇద్దరూ లేకుండా పోయారు. మేనమామ పెంచారు. చిన్నప్పుడు గాలి తుపాకితో ఒక పిచ్చుకను కొట్టిండ్రు. దాని మెడ మీద పసుపు మచ్చ ఉంది. అది ఏం పిట్టో ఇంట్లో ఎవరికీ తెలియక, మామ ఆయనను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపిండ్రు. అక్కడ మిల్లార్డ్ అనే దొర పెట్టెలు తెరిచి ఎన్నో పిట్టలను చూపించారు. అక్కడి నుంచే ఆయన బతుకు మారింది.

చదువులో ఆయన ఫస్టు కాదు. లెక్కలు రాక కాలేజీ మధ్యలో మానేసి బర్మా పోయిండ్రు. పెద్ద డిగ్రీ లేదని సర్కారు కొలువు కూడా రాలేదు. మ్యూజియంలో గైడు పని చేశారు, తర్వాత జర్మనీ పోయి పక్షుల శాస్త్రం నేర్చుకున్నారు. తిరిగి వచ్చేసరికి డబ్బులు లేవని ఆ గైడు పని కూడా తీసేసిండ్రు. అయినా ఆయన ఆగలేదు. జీతం వద్దు, ఖర్చులు ఇస్తే చాలని చెప్పి రాజ్యాల్లో పక్షుల సర్వే చేశారు. 1931లో హైదరాబాద్ నిజాం రాజ్యంలో మొదలుపెట్టారు. మన సికింద్రాబాద్ చుట్టూ ఉన్న రాజ్యం అదే. భార్య తెహ్మినా గారు కూడా వెంట ఉన్నారు. ఆ సర్వే 1933, 1934లో అచ్చయింది.

చచ్చిన పిట్టను ఊరికే పెడితే మన ఎండకు తొందరగా కుళ్లిపోతది. కడుపులో ఉన్న సూక్ష్మజీవులు లోపల నుంచి తింటయి. పచ్చ ఈగలు వచ్చి గుడ్లు పెడతయి, పురుగులు లేస్తయి. ఎండిన తోలును పెంకు పురుగులు కొరుకుతయి. అందుకే సర్వేలో పిట్టల తోలు వెంటనే ఒలిచి, మందు పూసి, దూది కూరి, చీటీ కట్టేటోళ్లు. అడవిలో మాత్రం కుళ్లడం చెడ్డపని కాదు. మిగిలింది మట్టిలో కలిసి గడ్డికి బలం అయితది. పశువు లాంటి పెద్ద శవాన్ని మాత్రం రాబందుల గుంపు కొన్ని గంటల్లోనే శుభ్రం చేస్తది. వాటి కడుపులో ఆమ్లం చాలా గట్టిది, ఎన్నో రోగ క్రిములు అందులో చచ్చిపోతయి.

ఆయన కాలంలో రాబందులు ఎక్కడ చూసినా ఉండేవి. 1941లో ఆయన భారతదేశపు పక్షుల గురించి పుస్తకం రాశారు. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. 1987 జూన్ 20న చనిపోయారు. ఆయన పోయిన కొద్ది ఏళ్లకే రాబందులు రాలిపోయినయి. 1992 నుంచి 2007 లోపల మూడు జాతుల్లో నూటికి 96కు పైగా పోయినయి. ఆయన సొసైటీ వాళ్లే, ఆయనకు ఇష్టమైన భరత్‌పూర్‌లో లెక్కపెట్టి ఆ సంగతి బయటపెట్టారు. పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ మందే కారణమని తర్వాత తేలింది. ఆ మందు వేసిన పశువు చస్తే, దాన్ని తిన్న రాబందుకు కిడ్నీలు పాడైతయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు.

సికింద్రాబాద్‌లో పార్సీగుట్ట ఉంది కదా. పార్సీలు శవాన్ని కాల్చరు, పూడ్చరు. పైకప్పు లేని గుండ్రటి కట్టడంలో ఉంచుతరు, రాబందులకు అది ఆఖరి దానం. రాబందులు పోయినంక వాళ్లకూ కష్టమైంది. అంటే మా తాతకు, పట్నంలో పార్సీలకు ఒకటే నష్టం.

కానీ 2013లో మన బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్లు కనిపించినయి. అది చదివి నాకు చాలా సంతోషం అయింది.

అక్కలారా, చెల్లెళ్లారా, దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు పశువుల డాక్టరు గారిని సూది మందు పేరు అడగండి. డైక్లోఫెనాక్ వద్దని, మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదని ఇంట్లో చెప్పండి. సలీం అలీ గారు ఒక పిచ్చుక పేరు అడిగి అంత పెద్ద మనిషి అయిండ్రు. మనం ఒక మందు పేరు అడగలేమా?

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని