తంతి తెచ్చిన వైద్యుడు

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు చెప్పుచుండెడివారు. దారిలో దొంగల భయము, జ్వరముల భయము ఉండిన మాట నిజమే. కాని ఆ సామెత పుట్టుటకు మరియొక కారణము కూడ కలదని నాకు తోచుచుండును. ఇల్లు విడిచి దూరదేశమునకు పోయినవాడు బ్రతికియున్నాడో లేడో ఇంటివారికి వెంటనే తెలియు మార్గము ఆ కాలమున లేకుండెను. 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారిపొడుగున తమ మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి లేఖలు వ్రాసి పంపుచుండిరి. ఆ లేఖలు టపా మోయు మనుష్యుల భుజములమీద ఒక అంచెనుండి మరియొక అంచెకు చేరుచు, అడవులను, ఏళ్ళను దాటుచు రావలసినవే. కొండలమీద మంటలు వెలిగించి సంజ్ఞలు చేయుటయు, పావురముల కాలికి చీటీలు కట్టి పంపుటయు పూర్వులెరుగని విషయములు కావు. కాని మంట ఒకటి రెండు సంగతులనే తెలుపగలదు. పావురమును డేగ పట్టుకొనవచ్చును. పరుగెత్తు మనిషికంటె, గుఱ్ఱముకంటె, గాలివాటున సాగు ఓడకంటె ముందుగా వివరమైన వార్త పోజాలదు. లోకమంతటను కొన్ని వేల యేండ్లు ఇదియే స్థితి.

మన దేశమున ఈ స్థితిని మార్చినవాడు రాజు కాడు, సేనాని కాడు, వృత్తిచే ఇంజనీరు కూడ కాడు. ఆయన ఒక వైద్యుడు. పేరు విలియం బ్రూక్ ఓషానెస్సీ.

పంతొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఐర్లండు దేశమందలి లిమరిక్ నగరమున ఓషానెస్సీ జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము చదివి, 1829లో పట్టము పొందెను. పిదప లండను చేరెను గాని అచ్చట వైద్యవృత్తి సాగించుటకు అనుమతిపత్రము ఆయనకు లభింపలేదు. ఆ యువకుడు నిరాశతో కూర్చుండక, రసాయనశాస్త్రములో తనకుగల నేర్పును ఆధారము చేసికొని, రక్తము మొదలగు వానిని పరీక్షించు పనిలో దిగెను.

1831లో ఇంగ్లండునకు కలరా వచ్చెను. సండర్లండు అను రేవుపట్టణమున జనులు వాంతులతోను, విరేచనములతోను నీరసించి, శరీరము నీలివన్నెకు మారి గంటలలో మరణించుచుండిరి. అప్పటి వైద్యులలో అనేకులు రోగి నరము కోసి రక్తము తీయుటయే చికిత్స యని నమ్మిరి. ఇరువది రెండేండ్ల ఓషానెస్సీ అచ్చటికి పోయి రోగుల రక్తమును పరీక్షించి, అందులో నీరును, లవణములును, క్షారమును తగ్గిపోవుచున్నవని కనుగొనెను. పోయినదానిని తిరిగి రక్తములోనికి పంపవలెనని ఆయన సూచించెను. 1832లో స్కాట్లండు వైద్యుడైన థామస్ లట్టా ఆ సూచన ననుసరించి రోగుల నరములలోనికి ఉప్పునీటిని ఎక్కించి, కొందరిని బ్రతికించెను. నేడు ఆసుపత్రిలో మంచము ప్రక్కన వ్రేలాడు సెలైను సీసా వెనుక ఈ కథ కలదు. ఓషానెస్సీ జీవితములో ఇంకేమియు చేయకుండినను ఈ యొక్క పనికే ఆయనను స్మరింపవచ్చును. నాటి వైద్యలోకము మాత్రము ఆ మార్గమును త్వరలోనే మరచిపోయెను.

1833లో ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో సహాయ వైద్యుడుగా చేరి కలకత్తా వచ్చెను. 1835లో అచ్చట వైద్యకళాశాల వెలసినపుడు అందు రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. మన దేశపు మూలికలను పరీక్షించి, వాని గుణములను గూర్చి గొప్ప గ్రంథము సంకలనము చేసెను. ఇట్లు మందులతో మునిగియున్నవానికి విద్యుత్తుపై మనసు పోవుట వింతగా తోచును. కాని ఆ కాలమున విద్యుత్తు రసాయనశాలలోనే పుట్టుచుండెను. ఆమ్లములో రెండు లోహపు రేకులు ముంచి, వానిని తీగతో కలిపినచో విద్యుత్ప్రవాహము కలుగును. రసాయనశాస్త్రజ్ఞునకు ఇది చేతిలోని పని.

తీగగుండ పోవు ఈ ప్రవాహమును ఒకచోట కలిపి విడదీసినచో దూరపు కొనయందు ఆ మార్పు కనురెప్పపాటులో తెలియును. తీగ ప్రక్కన సూదంటుసూది ఉన్నచో అది కదలును. ఇనుపముక్క చుట్టు తీగ చుట్టియున్నచో ఆ ఇనుము ప్రవాహము పారునంతసేపు అయస్కాంతమై ఇంకొక ఇనుపముక్కను లాగి టక్కుమని చప్పుడు చేయును. ఇన్ని కదలికలు ఈ అక్షరము, ఇన్ని చప్పుళ్ళు ఆ అక్షరము అని ముందుగా ఒడంబడిక చేసికొనినచో, మనిషి కదలకయే మాట కదలును. తంతివార్త రహస్యమంతయు ఇంతమాత్రమే. 1837 ప్రాంతమున ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్ అనువారును, అమెరికాలో మోర్సును ఈ పనియందే శ్రమించుచుండిరి.

1839లో కలకత్తా చెంత ఓషానెస్సీ తన సొంత పూనికతో వెదురుస్తంభములపై పదిమైళ్ళకు మించిన తీగను కట్టెను. హుగ్లీనది నీరు విద్యుత్తును ఎంతదూరము మోయగలదో కూడ పరీక్షించెను. వార్త నందుకొనుటకు ఆయన వాడిన సాధనము విన్నచో మీకు నవ్వు వచ్చును. తీగ కొనలను వ్రేళ్ళతో తాకియుండుటయే! జిల్లుమని తాకిడి తగిలినచో సంజ్ఞ వచ్చినట్లు లెక్క. ఈ ప్రయోగమును గూర్చి ఆయన ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. ప్రభుత్వమువారు దానిని పట్టించుకొనలేదు. ఇంచుమించు పది సంవత్సరములు ఆ తీగ కథ అచ్చటనే నిలిచిపోయెను. ఆయన స్వదేశమునకు పోయి, 1843లో రాయల్ సొసైటీ సభ్యత్వము పొంది, మరల వచ్చి కలకత్తా టంకశాలలో లోహపరీక్షకుడుగా పనిచేయుచుండెను.

1848లో గవర్నరు జనరలుగా డల్హౌసీ వచ్చిన తరువాత గాలి మారెను. రాజ్యములను ఒకదాని వెంట నొకటి కలుపుకొనుచున్న ఆ ప్రభువునకు, దూరముననున్న సేనకు ఒక్క గంటలో ఆజ్ఞ పంపు సాధనము ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. 1850లో కలకత్తానుండి సముద్రమువైపుగల డైమండ్ హార్బరు వరకు తంతి వేయుట ప్రారంభమయ్యెను. ఐరోపాలో వాడు సన్నని తీగ మన దేశమునకు పనికిరాదని ఓషానెస్సీ ముందే గ్రహించెను. కోతులు ఊగులాడును, పెద్దపక్షులు వ్రాలును, ఏనుగులు స్తంభములకు ఒడలు రుద్దుకొనును, గాలివాన సంగతి చెప్పనేల! అందుచేత ఆయన లావైన ఇనుపకడ్డీలనే వాడెను. నేలలో పూడ్చిన కడ్డీలకు కరిగించిన తారు పట్టించిన మద్రాసు గుడ్డను చుట్టించెను. దేశమున దొరకు వస్తువులతో దేశమునకు తగిన పద్ధతి కల్పించుటలోనే ఆయన ప్రజ్ఞ యున్నది.

ఈ పనిలో ఆయనకు కుడిభుజమైనవాడు శివచంద్ర నంది యను బెంగాలీ యువకుడు. టంకశాలలో ఓషానెస్సీ క్రింద పనిచేయుచు విద్య నేర్చిన ఈతడు డైమండ్ హార్బరునుండి తొలి సంజ్ఞ పంపగా, కలకత్తాలో డల్హౌసీ సమక్షమున ఓషానెస్సీ దానిని అందుకొనెను. తరువాత పద్మానదిలో తంతి వేయవలసివచ్చినపుడు శివచంద్రుడు జాలరుల పడవలతోనే ఆ పని నెరవేర్చెను. మన దేశీయులలో తంతివిద్య నేర్చిన మొదటివారిలో ఈతనిది ముందు పేరు. పాఠ్యపుస్తకములలో ఈతని పేరు తరచుగా కనబడదు. అందుచేతనే ఇచ్చట ప్రత్యేకముగా వ్రాయుచున్నాను.

1852లో బర్మాయుద్ధపు వార్తలు ఓడ రేవు చేరులోపలనే తంతిద్వారా కలకత్తాకు అందుటతో, డల్హౌసీకి పూర్తి నమ్మకము కుదిరెను. 1853 నవంబరులో దేశమంతట తంతి వేయు పని మొదలయ్యెను. 1854 మార్చిలో ఆగ్రానుండి కలకత్తాకు, అనగా సుమారు 800 మైళ్ళు, వార్త వచ్చెను. 1855 ఫిబ్రవరి నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరములను కలుపుచు 3,000 మైళ్ళకు మించిన తంతిమార్గము ఏర్పడి, సామాన్యప్రజలకు కూడ తెరువబడెను. అప్పటికి మన దేశమున రైలుమార్గము ఇంకను పసిబిడ్డయే.

బొంబాయినుండి మద్రాసునకు పోవు తంతి పూనా, బళ్ళారి, బెంగుళూరుల మీదుగా మన దక్షిణభూమిని దాటి వచ్చెను. చెదపురుగు కొయ్యను ఒకటి రెండేండ్లలో తినివేయు ఈ ప్రాంతమున కొంత దూరము రాతిస్తంభములనే నాటించిరి. మా వాల్మీకిపురము చుట్టు ఎచ్చట చూచినను నిలిచియున్న గ్రానైటు కొండలను చూచినపుడెల్ల నాకు ఆ స్తంభములు జ్ఞాపకము వచ్చును. మన రైతులు పొలము గట్టున కూసములు నాటుట యనాదిగా ఎరిగినవారే. ఆ రాతి తలమీద ఇనుపతీగ మోపి, దానిలో మాటలను పంపుట మాత్రము క్రొత్త.

ఇచ్చట ఒక చేదుమాట చెప్పక తప్పదు. ఆ తంతి మన సుఖమునకై వేసినది కాదు. 1857 మే 11వ తేదీన తిరుగుబాటు సిపాయిలు మీరట్టునుండి ఢిల్లీ చేరినపుడు, ఢిల్లీ తంతికార్యాలయములోని ఇద్దరు యువకులు ఆ వార్తను అంబాలాకు పంపిరి. అచ్చటినుండి అది పంజాబునకు ప్రాకెను. సిపాయిల గుఱ్ఱములకంటె ముందుగా వార్త చేరుటచే ఆంగ్లేయులు పలుచోట్ల మేలుకొని, దేశీయ సేనల ఆయుధములను లాగికొనిరి. తిరుగుబాటుదారులు తంతి శక్తిని గ్రహించి, దొరికినచోటనెల్ల దానిని తెంపిరి. స్తంభములను పొయ్యిలలో పెట్టిరి. ఇనుపతీగను ముక్కలు చేసి తుపాకిగుండ్లుగా వాడిరి. ఓషానెస్సీ ఆ మే నెలలో ఈ దేశమున లేడు. కలరా రోగిని బ్రతికింపజూచిన చేయి వేసిన తీగ ఒక రాజ్యము మెడకు ఉచ్చయ్యెనని ఆయన ఎన్నడైన తలచెనో లేదో! అదే తంతి ఆ తరువాతి కాలమున స్వాతంత్ర్యోద్యమ వార్తలను ఊరూరి పత్రికలకు మోసిన మాటయు మరువరాదు.

మొదట ఓషానెస్సీ తాను కల్పించిన సూదియంత్రమునే వాడెను. సూది కుడికి, ఎడమకు ఊగుట చూచి అక్షరములు పోల్చుకొనవలెను. 1857 ప్రాంతమున దానిని విడిచి మోర్సు పద్ధతిని స్వీకరించెను. తన యంత్రముకంటె పరుని యంత్రము మేలని ఒప్పుకొనుట అందరివలన కాదు. మోర్సు పద్ధతిలో చుక్క యనగా పొట్టి చప్పుడు, గీత యనగా పొడుగు చప్పుడు. ఆంగ్లములోని ఇ అక్షరమునకు ఒక చుక్క, టి అక్షరమునకు ఒక గీత, ఏ అక్షరమునకు చుక్కయు గీతయు. తరచుగా వచ్చు అక్షరములకు చిన్నగుర్తులు, అరుదుగా వచ్చువానికి పెద్దగుర్తులు. మీరును మీ మిత్రుడును చెరియొక బల్లమీద వ్రేలితో తట్టి, ఒక్క మాట పంపి చూడుడు, కష్టసుఖములు తెలియును. నేటి చేతిఫోనులు మన మాటను సున్న, ఒకటి అను రెండే గుర్తులుగా మార్చి, గాజుపోగులలో వెలుగుగాను, ఆకాశమున తరంగములుగాను పంపుచున్నవి. వేగము కోట్ల రెట్లు పెరిగినను, రెండు గుర్తులతో లోకమునంతయు చెప్పు ఉపాయమునకు చుక్కయు గీతయు పెద్దన్నలు.

నా బాల్యమున మా ఊరిలో తంతి వచ్చినదన్న గుండెలు ఆగిపోయెడివి. చావుకబురు తప్ప వేరొకటి తంతిలో రాదని జనుల నమ్మిక. ఒకనాడు మా వీధిలో ఒక ముసలమ్మకు తంతి రాగా, కవరు విప్పకమునుపే ఏడుపు లేచెను. ఆంగ్లాక్షరములు కూడబలుకగలవాడనని నన్ను పిలిచిరి. గడపలో నిలిచి, వణకుచు, ఒక్కొక్క మాటయే చదివితిని. పరదేశముననున్న ఆమె కొడుకునకు ఉద్యోగము స్థిరమైనదట! ఏడ్చుచున్నవారు వెంటనే నవ్వలేకపోయిరి. కొంతసేపటికి ఆ ముసలమ్మ నా చేతిలో ఇంత బెల్లముముక్క పెట్టి, ఆ కాగితమును మడచి దేవుని పటము వెనుక దాచుకొనెను.

ఓషానెస్సీ 1856లో సర్ బిరుదు పొందెను. 1860లో ఈ దేశమును శాశ్వతముగా విడిచి పోయెను. ఆపై ఇరువది తొమ్మిది సంవత్సరములు జీవించియు, పేరుకు ప్రాకులాడక, 1889 జనవరిలో ఇంగ్లండులోని సౌత్‌సీ పట్టణమున కన్నుమూసెను. ఆయన నాటిన తంతి ఆయనకంటె చిరకాలము బ్రతికెను. 2013 జులై 14వ తేదీన మన దేశమున తంతివార్తలు ఆగిపోయినవి. ఆ కడపటి దినమున నగరములలోని తంతికార్యాలయములయెదుట జనులు బారులు తీరి, చేతిలో ఫోనులుండియు, తమవారికి ఒక్క తంతి పంపవలెనని రాత్రివరకు వేచియుండిరి.