మన తెలుగు కెప్టెన్ సి.కె. నాయుడు గారు



మన దేశానికి మొట్టమొదటి టెస్ట్ క్రికెట్ కెప్టెన్ ఎవరు? తెలుగాయనే! పేరు కొట్టారి కనకయ్య నాయుడు. ఆయన 31-10-1895న నాగపూర్ లో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. చిన్నప్పటి నుంచి క్రికెట్ అంటే ప్రాణం. ఆట చూసి ఇండోర్ మహారాజు హోల్కర్ తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. అందుకే అందరూ ఆయన్ని కర్నల్ అంటారు.

అప్పుడు మనల్ని తెల్లదొరలు పాలించేవాళ్ళు. 1926లో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయిలో వాళ్ళ మీద నాయుడు గారు రెండు గంటల లోపే 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు! మనవాళ్ళు కూడా దొరలతో సమానంగా ఆడగలరని దేశమంతా తెలిసిపోయింది.

1932లో మన జట్టు మొదటి టెస్ట్ ఆడటానికి ఇంగ్లండ్ పోయింది. ఆ కాలంలో రాజులనే కెప్టెన్లుగా పెట్టేవాళ్ళు. ఆ జట్టుకు పోరుబందరు మహారాజు కెప్టెన్. కానీ తనకన్నా నాయుడు గారి ఆట గొప్పదని ఆయనే టెస్ట్ నుంచి తప్పుకున్నారు. అలా జూన్ 25న లార్డ్స్ మైదానంలో నాయుడు గారు కెప్టెన్ గా దిగారు. చేతికి దెబ్బ తగిలింది. అయినా మొదటి ఇన్నింగ్స్ లో మన జట్టులో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేశారు. మనం 158 పరుగులతో ఓడిపోయాం గానీ పరువు పోలేదు.

అంతకు 4 ఏండ్ల ముందే, 1928లో, ఒలింపిక్ హాకీ జట్టుకు మన ఆదివాసీ, ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్ గారు కెప్టెన్. ఆ జట్టు బంగారు పతకం తెచ్చింది. ఇది కూడా గుర్తుంచుకోండి.

1936లో మళ్ళీ ఇంగ్లండ్ పోయారు. ఈసారి విజయనగరం రాజకుమారుణ్ణి కెప్టెన్ చేశారు. ఆయన కన్నా నాయుడు గారే ఎంతో పెద్ద ఆటగాడు. అయినా అలిగి కూర్చోలేదు. చివరి టెస్ట్ లో బంతి ఒంటికి గట్టిగా తగిలినా ఆగకుండా 81 పరుగులు కొట్టారు. అప్పటికి ఆయన వయసు 40.

1953లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలోకి వచ్చినప్పుడు కూడా ఆయనే కెప్టెన్. 58 ఏండ్లకు మన తాతలు మంచం మీద కూర్చుంటారు, ఆయన గ్రౌండ్ లో పరుగెత్తారు! ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 14-11-1967న ఇండోర్ లో కన్నుమూశారు. అంటే బాలల దినోత్సవం రోజే ఆయన వర్ధంతి.

మిత్రులారా, మన ఖోఖో, కబడ్డీ టీములకు కెప్టెన్ ని పెట్టేటప్పుడు ఎవరి బిడ్డ, ఏ ఊరు అని చూడొద్దు. ఆట చూడాలి. మనల్ని కెప్టెన్ చెయ్యకపోయినా ఆట మాత్రం మానొద్దు.

– 9వ తరగతి విద్యార్థిని