మక్క కంకిలో వరసలు లెక్కపెట్టిన మనిషి

మన ఆర్మూర్ వైపు పసుపు చేన్లో మధ్య మధ్య మక్క కూడా వేస్తారు. పసుపు దుంపల్ని రైతు దాచుకుని వచ్చే ఏడు మళ్ళీ నాటుకోవచ్చు. పక్కనున్న మక్కకి మాత్రం ఏటా విత్తనం ప్యాకెట్ కొనాల్సిందే. ఎందుకలా అని వెతికితే జార్జ్ హారిసన్ షల్ దగ్గర తేలుతాం.

షల్ 1874లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టారు. 1904లో షికాగో యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, న్యూయార్క్ దగ్గరి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధన కేంద్రంలో చేరారు. అప్పట్లో అక్కడ మక్క పోటీలు జరిగేవి. కంకి పొడుగ్గా, వరసలు తిన్నగా ఉంటే బహుమతి, దాన్నే విత్తనానికి ఉంచేవారు. అందమైన కంకి పిల్లలు బాగా పండాలని రూలేం లేదు, కానీ అందరూ అదే నమ్మారు!

షల్‌కి నిజానికి దిగుబడి మీద ధ్యాసే లేదు. కంకికి ఎన్ని వరసలు అనే లక్షణం తల్లి నుంచి పిల్లకి ఎలా వస్తుందో చూడాలనుకున్నారు. (ఈసారి మక్క కాల్చుకు తినేటప్పుడు లెక్కపెట్టండి. 12, 14, 16... దాదాపు ఎప్పుడూ సరి సంఖ్యే.) అందుకని కంకులకి సంచులు కట్టి, ఏ మొక్క పుప్పొడిని ఆ మొక్క పీచు మీదే వేశారు. అలా ఏటేటా చేస్తూ పోతే మొక్కలు పొట్టివైపోయాయి, గింజ తగ్గింది. కానీ ఒక్కో వంశంలో మొక్కలన్నీ అచ్చు ఒకేలా తయారయ్యాయి. ఇక అసలు సంగతి: అలాంటి రెండు బక్క వంశాల్ని కలిపితే పుట్టిన మొక్కలు మొదటి చేను అంత, కొన్నైతే అంతకన్నా ఎక్కువే పండాయి. 1908, 1909ల్లో ఇదంతా రాశారు. మంచి కంకిని ఏరడం కాదు, మంచి జోడీని వెతకాలన్నది ఆయన లెక్క. ఈ బలానికి హెటెరోసిస్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే.

అయితే బక్క మొక్కకి కాసే విత్తనం ఎంతని? రైతు కొనలేనంత ఖరీదు. తర్వాత డొనాల్డ్ జోన్స్ అనే ఆయన నాలుగు వంశాల్ని రెండు విడతల్లో కలిపి ఆ చిక్కు విప్పారు. షల్ 1915లో ప్రిన్స్‌టన్‌కి ప్రొఫెసర్‌గా వెళ్ళిపోయారు, మరుసటి ఏడు జెనెటిక్స్ పత్రిక మొదలుపెట్టారు. 1940ల మధ్యకి అమెరికాలో మక్క ఎక్కువగా పండే రాష్ట్రాల్లో దాదాపు అంతా హైబ్రిడే.

1954లో ఆయన పోయారు. మన దేశంలో మొదటి హైబ్రిడ్ మక్కలు 1961లో వచ్చాయి: గంగా 1, గంగా 101, రంజిత్, దక్కన్.

ఆ హైబ్రిడ్ గింజనే దాచి మళ్ళీ వేస్తే జోడీ చెదిరిపోతుంది. ఒక మొక్క ఎత్తు, ఒకటి పొట్టి, దిగుబడి కిందికి. అంటే దిగుబడి పెంచిన పద్ధతే రైతు ఇంట్లోని విత్తనాన్ని పనికిరాకుండా చేసింది. నాకైతే ఇందులో లాభం ఒక్కటే చూడ్డం కుదరట్లేదు. మన అంకాపూర్ లాంటి ఊళ్ళలో కంపెనీల కోసం విత్తన పంట వేసే రైతులు మాత్రం దీంతోనే సంపాదించారు. మక్క విత్తన చేన్లో ఆడ వరసలు, మగ వరసలు వేరుగా ఉంటాయి. పుప్పొడి రాలకముందే కూలీలు ఆడ వరసల్లో పై కుచ్చుల్ని ఒక్కొక్కటీ పీకేస్తూ పోతారు.