పురుగుల చిత్రకారిణి మెరియన్

వేసవిలో చెట్ల మానులకు అంటుకొని, చెవులు గింగురుమనేలా రొదచేసే పురుగు పాటను మీరు వినే ఉంటారు. దాన్ని చూసినవాళ్లు మాత్రం తక్కువ. దాని పేరు సికాడా. సూదివంటి తొండాన్ని చెట్టులో గుచ్చి, రసం పీల్చి బతుకుతుంది. ఇటువంటి పురుగులను, సీతాకోకచిలుకలను, అవి బతికే చోటనే చూసి గీయాలని ఒక స్త్రీ తన యాభై రెండో ఏట సముద్రం దాటి వెళ్లింది. ఆమె పేరు మరియా సిబిల్లా మెరియన్.

మెరియన్ 1647 ఏప్రిల్ 2న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించింది. తండ్రి పుస్తకాలకు బొమ్మలు చెక్కి అచ్చువేసేవాడు. ఆమెకు మూడేళ్లప్పుడే ఆయన కన్నుమూశాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నది. మారుతండ్రి పూల చిత్రకారుడు. ఆయన దగ్గరే ఆమెకు కుంచె పట్టడం అబ్బింది.

పదమూడో ఏట మెరియన్ పట్టుపురుగులను పెంచసాగింది. గుడ్డు పురుగవుతుంది, పురుగు గూడు కట్టుకొంటుంది, గూడులోంచి రెక్కల పురుగు వస్తుంది. పట్టు పండించే ఊళ్లలోని పిల్లలకు ఇది వింత కాదు. కాని ఆ రోజుల్లో పురుగులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతట అవే పుడతాయని పండితులు సైతం నమ్మేవారు. ఆ చిన్నది ఆకులు తెచ్చి, పెట్టెల్లో రకరకాల గొంగళి పురుగులను పెంచి, రోజురోజూ చూసింది.

పెళ్లయి, ఇద్దరు ఆడపిల్లలు పుట్టిన తరువాత కూడా ఆ పని మానలేదు. 1675 నుంచి 1680 వరకు పూల చిత్రాలను మూడు భాగాలుగా వెలువరించింది. బట్టలమీద అల్లికపూలు కుట్టేవారికి అవి నమూనాలుగా పనికివచ్చేవి. వాటిలో పురుగులు కేవలం అందానికి. 1679లో వచ్చిన గొంగళి పురుగుల పుస్తకంలో సంగతి తారుమారైంది. అక్కడ పురుగే ముఖ్యం. గుడ్డు మొదలు రెక్కలదాకా అన్ని దశలూ, అది తినే మొక్కతో సహా, ఒకే చిత్రంలో కనిపిస్తాయి.

1691లో ఆమె కూతుళ్లతో ఆమ్‌స్టర్‌డాం చేరింది. అక్కడి ధనికుల ఇళ్లలో దూరదేశాల పురుగులను ఎండబెట్టి అద్దాల పెట్టెల్లో ఉంచేవారు. చూడముచ్చటగానే ఉండేవి. అవి ఎలా పుట్టాయో, ఏం తిన్నాయో చెప్పేవారు లేరు. ఆ లోటు ఆమెను నిలవనీయలేదు. తన చిత్రాలను అమ్మి దారిఖర్చు కూడగట్టింది. 1699లో చిన్నకూతురు డొరొతియాతో దక్షిణ అమెరికాలోని సురినాంకు ఓడ ఎక్కింది.

సురినాం అప్పుడు డచ్చివారి వలస. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలతో చెరకు పండించేవారు. చెరకు తప్ప మరొకటి వెదుకుతున్నదని తోటల యజమానులు ఆమెను ఎగతాళి చేశారు. అడవిలో దారి నరికి, పురుగులను తెచ్చి ఇచ్చినది ఆ బానిసలూ, అక్కడి ఆదివాసులూ. వారి పేర్లు పుస్తకానికి ఎక్కలేదు.

ఒకసారి ఆదివాసులు ఒక పెట్టెనిండా పురుగులను తెచ్చిచ్చారు. వాటి తల వేరుసెనగ కాయలా ముందుకు పొడుచుకొని ఉంటుంది. ఇదీ రసం పీల్చే జాతే. రాత్రి చప్పుడుకు లేచి పెట్టె తెరిస్తే మంటలాంటి వెలుగు వచ్చిందని ఆమె రాసింది. సికాడాలే మారి ఈ పురుగులవుతాయని స్థానికులు చెప్పిన మాటనూ చేర్చింది. దానిమ్మ పూలకొమ్మతో ఆ రెండింటినీ ఒకే చిత్రంలో గీసింది. లిన్నేయస్ 1758లో ఆ పురుగుకు దీపం అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. కాని అది వెలగదనీ, అవి రెండూ వేరువేరు జాతులనీ తరువాతివారు తేల్చారు. తాను స్వయంగా పెంచి చూసిన గొంగళి పురుగుల విషయంలో ఆమె ఇంతగా పొరబడడం అరుదు.

తీవ్రమైన జ్వరం వల్ల ఆమె అనుకొన్నదానికన్నా ముందే, 1701లో తిరిగి వచ్చింది. 1705లో అరవై చిత్రాలతో సురినాం పురుగుల పుస్తకం వెలువడింది. 1717 జనవరి 13న ఆమ్‌స్టర్‌డాంలో మెరియన్ మరణించింది. ఆ రోజుల్లోనే రష్యా చక్రవర్తి పీటర్ ఆమె చిత్రాలను కొనిపించాడు. డొరొతియా కూడా సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లి అక్కడ చిత్రకారిణిగా స్థిరపడింది. ఆ చిత్రాలలో పెక్కు నేటికీ ఆ నగరంలోనే ఉన్నాయి.